నిండు బ్యాటరీతో ఘాట్ దిగితే

శ్రీశైలం ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు కానీ, దారి పొడుగునా బ్యాటరీ శాతాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లడం ఇదే మొదలు. మాది నెక్సాన్ ఈవీ, కరెంటు కారు, 40.5 కిలోవాట్ అవర్ బ్యాటరీ. కాగితం మీద 465 కిలోమీటర్లు. అది ల్యాబ్ లెక్క. నలుగురం ఎక్కి, ఏసీ వేసి, హైవే మీద 90లో పోతే 280కి అటూ ఇటూ అనుకుని బయల్దేరాం. హైదరాబాద్ నుంచి 215 కాబట్టి సరిపోవాలి.

అయినా ధైర్యం కోసం దారిలో ఒక ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగాం. కారుకి తగిలించే రెండు ఛార్జింగ్ గన్నుల్లో ఒకటి పనిచేయదు. రెండోదానికి యాప్ దించుకుని, వాలెట్‌లో ముందే డబ్బు వేయాలట. ఐదొందలు వేశాక ‘సర్వర్ ఎర్రర్’. ఆ ఐదొందలు ఇంకా అందులోనే ఉన్నాయి.

మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటేసరికి 51 శాతం. అక్కణ్ణుంచి అమ్రాబాద్ పులుల అడవి, స్పీడు 40 దాటి పోలేం. పాత పెట్రోలు కారుకి ఇక్కడే మైలేజీ పడిపోయేది. దీనికేమో పెరిగింది! స్పీడు తగ్గితే గాలి అడ్డు తగ్గుతుంది, ఆగినప్పుడు ఇంజిన్ ఊరికే తిరగదు మరి.

ఈగలపెంట దగ్గర 34 శాతం. ఘాట్ మొదలవగానే స్టీరింగ్ వెనక ప్యాడిల్ నొక్కి రీజెన్ (కారు నెమ్మదించేటప్పుడు మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపే ఏర్పాటు) మూడులో పెట్టాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు కారు నెమ్మదిస్తోంది. బ్రేకు ముట్టుకున్నది రెండు మలుపుల్లోనే. చిన్నప్పుడు ఇదే ఘాట్‌లో ఆర్టీసీ బస్సు సెకండ్ గేర్‌లో మూలుగుతూ దిగేది. బ్రేకు వాసనకి అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. కృష్ణ మీద వంతెన దగ్గరికొచ్చి చూస్తే 35. దిగుతూ ఒక శాతం సంపాదించాం.

“ఒరేయ్, ఇదేదో బాగుందే” అన్నారు నాన్న. ఆయన మెచ్చుకోవడం అరుదు.

అవతలి గట్టు ఎక్కి శ్రీశైలం చేరేసరికి ఆ ఒక్కటీ పోయి, ఇంకో ఏడు పోయాయి. మేం దిగిన చోట 15 యాంప్స్ సాకెట్ ఒకటే ఉంది, అదీ మోటారు గదిలో. మేనేజర్ గారు కారు చుట్టూ తిరిగి, “రాత్రంతానా సార్? ఆరొందలు అవుతుంది” అన్నారు. ముప్పై మూడు యూనిట్లు పడుతుంది, మా ఇంట్లో పై స్లాబులో వేసుకున్నా మూడొందలకి అటూ ఇటూ. బేరం సాగలేదు. ఎలాగూ ఇస్తున్నాం కదా అని నూరు శాతం నిండేదాకా తీయలేదు.

దర్శనం సంగతి సరే, ఎప్పటిలాగే క్యూ.

తిరుగు ప్రయాణంలో తెలిసింది నా తెలివి. సున్నిపెంట దాటి ఘాట్ దిగుతూ ధీమాగా కాలు తీస్తే కారు జారుకుంటూ పోతోంది! నిండు బ్యాటరీలో కరెంటు పట్టే చోటేదీ? రీజెన్ దాదాపు లేనట్టే. లింగాలగట్టు దాకా మామూలు కారులాగే బ్రేకు మీద కాలేసి దిగాను. వెనక సీట్లో నాన్న హ్యాండిల్ పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు.

ఈసారి వస్తే తొంభై దగ్గరే ప్లగ్ పీకేస్తాను. ఆరొందలు మాత్రం ఆయన ఎలాగూ తగ్గించడు.