కాన్ఫోకల్ స్లాట్ ఎవరికైనా దొరకాలి

న్యూరోసైన్స్ అనగానే మా బరంపురం, పర్లాకిమిడి పిల్లలు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోవాలంటారు, పెద్ద మెషీన్లన్నీ అక్కడే ఉంటాయని. కానీ ప్రభుత్వ డబ్బుతో కొన్న పరికరం ఒక్క ల్యాబ్ సొత్తు కాదు, బయటి పరిశోధకులూ ఫీజు కట్టి వాడుకోవచ్చు, అందుకే 2020 జనవరిలో, ఏ పరికరం ఎక్కడుందో చూసి బుక్ చేసుకునే ఐ-స్టెమ్ పోర్టల్ (వెబ్‌సైట్) పెట్టారు. ఈ సంగతి మా వైపు చాలామందికి చేరలేదు, నాకు అదే బాధ.

మైనస్ 20 డిగ్రీల దగ్గర క్రయోస్టాట్‌లో, అంటే గడ్డకట్టించిన కణజాలాన్ని పొరలుగా కోసే మెషీన్‌లో, ఎలుక మెదడుని 30 మైక్రాన్ల పొరలుగా కోస్తాం, ఒక్కో పొరా చుట్టుకుపోకుండా సన్నటి కుంచెతో పట్టి స్లైడ్ మీదికి ఎక్కించాలి, తర్వాత ఫ్లోరసెంట్ రంగు వెలిసిపోకముందే కాన్ఫోకల్ మైక్రోస్కోపు మీద స్లాట్ దొరుకుతుందా అని టెన్షన్. దొరికిందా, ఇక పండగే! ఫోకస్‌లో లేని వెలుగుని ఓ చిన్న రంధ్రం ఆపేస్తుంది కాబట్టి న్యూరాన్ (నాడీకణం) కొమ్మల మీది బుడిపెలు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, మెషీన్ కొంటే సరిపోదు, దాన్ని నడిపే టెక్నీషియన్‌కి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వాలి.

ఎమ్మెస్సీ చేస్తున్నవాళ్లు ప్రాజెక్టు మొదట్లోనే మీ గైడ్‌ని అడిగి ఐ-స్టెమ్‌లో రిజిస్టర్ చేయించుకోండి, శాంపిల్ ఎలా తయారుచేయాలో ఆపరేటర్‌ని ముందే కనుక్కోండి.