ఆమోదించారు, కానీ డబ్బు రాలేదు: నా పరిహారం కేసు స్థితి నాకు అర్థమైన తీరు

2024 ఫిబ్రవరి 5, సోమవారం ఉదయం, అమెరికాలో నేను పనిచేసే కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి మందుల గోదాములో పై అర నుంచి సెలైన్ సంచుల పెట్టెను దించుతుండగా కుడి భుజంలో గుడ్డ చిరిగినట్లు ఒక చిన్న చప్పుడు వినిపించింది. చప్పుడు నిజంగా వినిపించిందో, లోపల అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ భుజానికి శస్త్రచికిత్స జరిగి నేను మళ్లీ పూర్తి పనిలోకి రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ నొప్పి ఒక ఎత్తయితే, కంప్యూటర్ తెర మీద నా కేసు ఎదుట కనిపించే రెండు మూడు మాటలకు అర్థం తెలియక పడిన ఆందోళన మరొక ఎత్తు.

ఇక్కడ ప్రైవేటు ఉద్యోగులకు గాయాల పరిహారం ఆయా రాష్ట్రాల చట్టాల ప్రకారం వస్తుంది. కేంద్ర ప్రభుత్వ పౌర ఉద్యోగులకు మాత్రం 1916లో చేసిన ప్రత్యేక చట్టం, ఎఫ్‌ఈసీఏ, వర్తిస్తుంది. దాన్ని అమలు చేసేది కార్మిక శాఖలోని ఓడబ్ల్యూసీపీ అనే విభాగం. మన పై అధికారి కాగితాలు నింపి పంపుతారే తప్ప, పరిహారం ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆయన కాదు, మనం పనిచేసే సంస్థ కూడా కాదు. ఈ చిన్న సంగతి మొదటి రోజే తెలిసి ఉంటే నేను మా సూపర్‌వైజరును అన్నిసార్లు విసిగించి ఉండేవాణ్ణి కాదు.

మరునాడు ఈకాంప్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఖాతా తెరిచి సీఏ-1 ఫారం నింపాను. ఒకే రోజున లేదా ఒకే షిఫ్టులో జరిగిన గాయానికి సీఏ-1 వాడాలి. రోజుల తరబడి చేసిన పని వల్ల ముదిరిన సమస్యకు సీఏ-2 వాడాలి. పైకి చిన్న తేడాలా కనిపించినా దీని వెనుక డబ్బు ఉంది, ఎందుకంటే గాయం తర్వాత 45 రోజుల వరకు మామూలు జీతం కొనసాగించే సీఓపీ అనే సౌకర్యం సీఏ-1 వేసిన వారికే, అదీ 30 రోజులలోపు వేస్తేనే దక్కుతుంది. ఆ 45 రోజులు క్యాలెండరు రోజులు కాబట్టి శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. నా సీఓపీ ఫిబ్రవరి 6న మొదలై మార్చి 21తో అయిపోయింది. పనిదినాలే లెక్క అనుకుని ఏప్రిల్ దాకా నిశ్చింతగా ఉండవచ్చని భావించిన నాకు అది మొదటి దెబ్బ.

ఫారం పంపగానే తెరపై సూపర్‌వైజరు సమీక్షలో ఉందన్న అర్థం వచ్చే మాట కనిపించింది, ఎనిమిది పనిదినాల పాటు అది కదలలేదు. కార్మిక శాఖ నా కేసును చూస్తోందన్న భ్రమలో రోజూ పొద్దున్నే పోర్టల్ తెరిచేవాణ్ణి. నిజానికి ఆ దశలో కార్మిక శాఖకు నేనెవరో కూడా తెలియదు. అది కేవలం ఫారం స్థితి: సూపర్‌వైజరు తన భాగం నింపాలి, తర్వాత సంస్థలో గాయాల వ్యవహారం చూసే ఉద్యోగి సరిచూడాలి, ఆపై గాని ఓడబ్ల్యూసీపీకి చేరదు. ఫారం తమకు అందిన పది పనిదినాలలో సంస్థ దాన్ని పంపాలన్నది నిబంధన. అది అక్కడికి చేరాకే తొమ్మిది అంకెల కేసు నంబరు వస్తుంది. అంతకు ముందు ఈకాంప్ ఇచ్చిన నంబరును కేసు నంబరు అనుకుని ఎక్స్‌రే తీసిన చోట ఇచ్చి, ఆ బిల్లు తిరిగి నా ఇంటికే వచ్చేలా చేసుకున్నాను.

కేసు నంబరు వచ్చిన రెండు వారాలకు స్థితి మారింది. అండర్ డెవలప్‌మెంట్ అని ఉంది. డెవలప్‌మెంట్ అంటే అభివృద్ధి అని చదువుకున్న బుర్ర కదా, పని ముందుకు సాగుతోందని సంబరపడ్డాను. ఇంట్లో వాళ్లకు కూడా అదే చెప్పాను. ఆ మాటకు అక్కడి అర్థం వేరని అదే వారం వచ్చిన ఉత్తరం చూశాక తెలిసింది: మీరు పంపిన ఆధారాలు చాలలేదు, ఇవిగో ప్రశ్నలు, జవాబివ్వడానికి 60 రోజుల గడువు ఇస్తున్నాం అన్నది దాని సారాంశం.

ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాక నా తప్పులు రెండు కనిపించాయి. ఏ కేసునైనా వాళ్లు ఐదు అంశాల మీద తూకం వేస్తారు: గడువులోపు దరఖాస్తు చేశారా, కేంద్ర ప్రభుత్వ పౌర ఉద్యోగేనా, చెప్పిన సంఘటన జరిగి గాయమైందా, విధి నిర్వహణలో ఉండగా అయిందా, ఆ సంఘటనకూ వైద్యుడు చెప్పిన వ్యాధికీ కారణ సంబంధం ఉందా. మొదటి రెండింటిలో నాకు చిక్కు లేదు, విధిలో ఉన్నానన్నదానికి సాక్షులున్నారు. చిక్కంతా వైద్య ఆధారంతోనే. నేను పంపిన నివేదికలో రోగ నిర్ధారణ ఉండవలసిన చోట భుజం నొప్పి అని మాత్రమే ఉంది. నొప్పి ఒక లక్షణమే గాని, దాన్ని రోగ నిర్ధారణగా వాళ్లు లెక్కించరు. పైగా దాని మీద సంతకం చేసింది అత్యవసర చికిత్స కేంద్రంలో నన్ను చూసిన నర్స్ ప్రాక్టీషనరు, అంటే రోగులను పరీక్షించి చికిత్స చేసే అర్హత ఉన్న నర్సు. ఆమె నన్ను ఎంత శ్రద్ధగా పరీక్షించినా, అప్పటి నిబంధనల ప్రకారం వైద్యుడి సంతకం తోడైతే తప్ప ఆ నివేదిక వైద్య ఆధారం కింద చెల్లదు.

ఎముకల వైద్యుణ్ణి కలిసి, ఉత్తరంలోని ప్రశ్నలను ఆయన ముందు పెట్టాను. ఆయన మొదట ఒక్క వాక్యం రాసిచ్చారు: పని వల్లే గాయమైంది అని. అది చాలదని, ఎందుకు అలా అనుకుంటున్నారో కారణం కావాలని అడిగినప్పుడు ఆయన ముఖం కాస్త చిట్లించుకున్న మాట నిజమే. అయినా రెండోసారి రాసిన పేరాలో, తల కన్నా ఎత్తున చేయి చాచి బరువును పట్టి దించేటప్పుడు భుజాన్ని తిప్పే కండరాల స్నాయువు మీద లాగుడు ఎలా పడుతుందో, అంతకు ముందు నాకు భుజం సమస్య లేదన్నది ఎందుకు ముఖ్యమో వివరించారు. నా కేసును నిలబెట్టింది ఆ ఏడు వాక్యాలే. ఏప్రిల్ మధ్యలో తెరపై ఆమోదించినట్లు వచ్చింది.

అక్కడితో గట్టెక్కాననుకున్నాను. మే నెల వచ్చినా ఖాతాలో ఒక్క డాలరు పడలేదు. తపాలా శాఖలో పనిచేసే మా బావగారికి ఫోన్ చేస్తే, ఆయన తన కేసు చరిత్ర అంతా చెప్పి చివర్లో అసలు ప్రశ్న అడిగారు: "సీఏ-7 వేశావా?" వెయ్యలేదు. కేసును ఆమోదించడం అంటే ఈ గాయానికి బాధ్యత మాది అని ఒప్పుకోవడం మాత్రమే. పోయిన జీతం కోసం విడిగా సీఏ-7 వెయ్యాలి, పని చెయ్యలేని కాలం కొనసాగుతున్నంత వరకు రెండు వారాలకొకటి చొప్పున వేస్తూ ఉండాలి, ఆ రోజులకు వైద్య ఆధారం జతచేయాలి. ఇంకో పొరపాటు కూడా చేశాను. సీఓపీ అయిపోయాక జీతం ఆగకూడదని నా సిక్ లీవు వాడేసుకున్నాను. సీఏ-7 మీద జీత నష్టానికి పరిహారం వచ్చేది జీతం లేని సెలవులో ఉన్న రోజులకే. వాడిన సెలవును తిరిగి కొనుక్కునే పద్ధతి ఒకటుంది గాని, సెలవు జీతం నూటికి నూరు శాతం, పరిహారం మాత్రం మన మీద ఆధారపడిన కుటుంబ సభ్యులు ఉంటే జీతంలో 75 శాతం, లేకపోతే మూడింట రెండు వంతులు, కాబట్టి ఆ తేడాను మన జేబులోంచి సంస్థకు కట్టాలి. లెక్క వేసి చూసుకుని కట్టాను, ఎందుకంటే పోగొట్టుకున్న సెలవు రోజులు నాకు ఆ డబ్బు కన్నా ఎక్కువ. పరిహారం మీద ఆదాయపు పన్ను లేదన్నది ఒక ఊరట. సీఓపీ మాత్రం జీతమే కాబట్టి దాని మీద పన్ను ఉంటుంది.

బావగారి అనుభవమంతా నాకు వర్తించదని కూడా అప్పుడే తెలిసింది. తపాలా ఉద్యోగులకు డబ్బు రాని మూడు రోజుల నిరీక్షణ కాలం సీఓపీకి ముందే వస్తుంది, మిగతా వారికి సీఓపీ అయిపోయాక వస్తుంది. పని చెయ్యలేని కాలం 14 రోజులు దాటితే ఆ మూడు రోజులకూ చెల్లిస్తారు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది జూన్‌లో జరిగిన సంగతి. ఎంఆర్‌ఐలో స్నాయువు చిరిగిందని తేలింది, వైద్యుడు శస్త్రచికిత్సకు అనుమతి కోరారు, అనుమతి నిరాకరించారు. కేసు స్థితి చూస్తే ఆమోదించినట్లే ఉంది! అదే తెర మీద కాస్త కిందికి వెళ్లి, అంతవరకు నేను పట్టించుకోని ఒక వరుసను చదివాను. అందులో ఆమోదించిన వ్యాధి పేరు ఉంది: కుడి భుజం కండరం బెణుకు. చిరుగు అన్న మాట ఎక్కడా లేదు. వాళ్లు ఆమోదించింది నా భుజాన్ని కాదు, ఒక కోడ్‌ను. వైద్యుడి కార్యాలయం పంపిన అనుమతి పత్రంలో ఉన్నది ఎం అక్షరంతో మొదలయ్యే మరొక కోడ్. రోగాల కోడ్‌లలో ఎస్‌తో మొదలయ్యేవి గాయాలవి, ఎం‌తో మొదలయ్యేవి ఎముకలకూ కండరాలకూ వచ్చే వ్యాధులవి. ఒక గుమస్తా వేలు పక్క వరుసలో పడితే నా భుజం గాయం వయసుతో వచ్చిన అరుగుదల అయిపోతుంది. వైద్యుడు కోడ్ సరిచేసి, ఈ చిరుగు కూడా ఫిబ్రవరి నాటి సంఘటన వల్లే వచ్చిందని కారణాలతో మరో నివేదిక రాశాక, ఆ వ్యాధిని కూడా కేసులో చేర్చమని ఉత్తరం పెట్టాను. వాళ్ల వైద్య సలహాదారు పరిశీలించి ఒప్పుకున్నారు. జూలైలో శస్త్రచికిత్స జరిగింది.

అప్పటికి నాకు తెలిసిందేమిటంటే, నా కేసుకు స్థితి ఒకటి కాదు. ఫారం స్థితి, కేసు స్థితి, ఆమోదించిన వ్యాధుల వరుస, సీఏ-7 స్థితి, వైద్య అనుమతులూ బిల్లులూ చూసే విడి పోర్టల్‌లోని స్థితి, ఇవన్నీ వేర్వేరు బల్లల మీద నడుస్తాయి. ఒక బల్ల మీద ఆమోదం దొరికిందని రెండో బల్లకు తెలియాల్సిన పనిలేదు. అందుకని ఏ మాట కనిపించినా, ఇప్పుడు కాగితం ఎవరి చేతిలో ఉంది అని మాత్రమే అడగడం అలవాటు చేసుకున్నాను. చాలాసార్లు అది నా చేతిలోనే ఉండేది.

శస్త్రచికిత్స తర్వాత చాలా నెలలు పనికి వెళ్లలేనని తేలడంతో డీఆర్ అని ఉన్న చోట పీఆర్ అని వచ్చింది. మొదటిది ఎప్పటికప్పుడు సీఏ-7 చూసి చెల్లించే వరుస, రెండోది 28 రోజులకొకసారి దానంతటదే డబ్బు పడే వరుస. రెండోది హాయిగా ఉంటుంది గాని, తేలికపాటి పనికి తిరిగి చేరిన రోజునే ఆ సంగతి తెలియజేయకపోతే అదనంగా పడిన డబ్బును తిరిగి రాబట్టుకుంటారు. అక్టోబరులో నేను చేరిన రోజు ఉదయమే వాళ్లకు రాశాను.

తిరస్కరణ నా దాకా రాలేదు గాని, మా విభాగంలోనే ఒకరికి వచ్చింది. తిరస్కరణ ఉత్తరంతో పాటు దారులు కూడా అందులోనే ఉంటాయి: 30 రోజులలోపు విచారణ కోరవచ్చు, ఏడాదిలోపు కొత్త ఆధారంతో పునఃపరిశీలన కోరవచ్చు, 180 రోజులలోపు అప్పీళ్ల బోర్డుకు వెళ్లవచ్చు. ఆయన వైద్యుడి చేత కొత్త నివేదిక రాయించుకుని పునఃపరిశీలన దారి పట్టారు. మరొక సహోద్యోగికి కేసు మూసివేసినట్లు కనిపించి గుండె జారిపోయింది. తీరా చూస్తే అది చిన్న గాయం. సెలవు పెట్టనంత వరకు, బిల్లులు 1,500 డాలర్లు దాటనంత వరకు అటువంటి కేసులను లాంఛనంగా తేల్చకుండానే మూసి, బిల్లులు మాత్రం చెల్లిస్తారు. ఆమె బిల్లులన్నీ అప్పటికే చెల్లించి ఉన్నాయి.

2025 వేసవిలో నా వైద్యుడు భుజం ఇక ఇంతకన్నా మెరుగుపడదని రాసి, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మార్గదర్శకాల ఆరో ముద్రణ ప్రకారం చేతికి ఆరు శాతం శాశ్వత లోపం ఉందని లెక్కకట్టారు. చట్టంలో ఒక చేతి విలువ 312 వారాల పరిహారం, అందులో ఆరు శాతం అంటే 18.72 వారాలు. పూర్తి జీతంతో పని చేస్తున్నా ఇది అడగవచ్చు, దీనికీ అదే సీఏ-7. ఫారం సంస్థ బల్ల దాటింది, కార్మిక శాఖకు చేరింది, వైద్య సలహాదారు బల్ల మీద ఉంది. ఈసారి పోర్టల్ వారానికొకసారి మాత్రమే తెరుస్తున్నాను.