తాళం ఎవరి జేబులో ఉండాలి

"నువ్వు మెకానిక్‌వి, ముదీర్‌వి కావు. బ్రేక్ పెడల్ గట్టిగానే ఉంది కదా, బండి తాళం ఇచ్చెయ్."

ఒమన్‌లో నిజ్వా ఊరి సనయ్యలో, అంటే షెడ్లుండే ఇండస్ట్రియల్ ఏరియాలో, మా ఫోర్‌మన్ నలుగురి ముందు హిందీలో అన్న మాట ఇది. ముదీర్ అంటే మేనేజర్. ఆయన చెడ్డ మనిషేం కాదు. నాకు జ్వరం వస్తే తన బండిలో హాస్పిటల్‌కి తీసుకెళ్లి, మందులకు డబ్బులు కూడా తనే కట్టాడు. అందుకే ఆ మాట ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఇక్కడ పని నేర్చుకున్నవాళ్లు, రాబోయేవాళ్లు చదువుతారని కొంత, నా మనసు తేలికపడుతుందని కొంత, జరిగింది మొత్తం రాస్తున్నాను.

వచ్చిన బండి పాత టొయోటా హైలక్స్ పికప్, ఫోర్ వీల్ డ్రైవ్. ఓనర్ జబల్ అఖ్దర్ కొండ మీద సైక్ అనే ఊళ్లో ఉండే ఒమానీ పెద్దాయన, దానిమ్మ తోటలున్నాయి. సైక్ దాదాపు 2000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద బిర్కత్ అల్ మౌజ్ దాటగానే పోలీసు చెక్‌పోస్టు, ఫోర్ వీల్ డ్రైవ్ కాకపోతే పైకి వదలరు. రోడ్డు బాగాలేక కాదు, మంచి తారు రోడ్డే. భయమంతా దిగేటప్పుడే. సెలవుల తర్వాత రోజు మా షెడ్డుకి వచ్చే బండ్లలో సగం కాలిన ప్యాడ్ల వాసనతోనే వస్తాయి. గేరు తగ్గించకుండా పైనుంచి కిందిదాకా బ్రేకు తొక్కిపట్టి దిగుతారు మరి.

పెద్దాయన అలాంటివాడు కాదు, ఆ కొండ మీదే పుట్టినవాడు. కానీ దానిమ్మ పెట్టెల లోడుతో దిగుతుంటే సగం దారిలో పెడల్ మెత్తబడి కిందికి పోయిందట. పంప్ కొడితే కొంచెం పట్టుకుందట. పక్కకి ఆపి, చల్లారే దాకా కూర్చుని, మెల్లగా మా దగ్గరికి వచ్చాడు. వచ్చేసరికి పెడల్ దాదాపు మామూలుగానే ఉంది.

మోసం ఇక్కడే ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, అదే 3.7 శాతం నీళ్లు కలిసిందంటే 140 దగ్గరే మరగొచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్ నొక్కితే కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుంటుంది. కాలు తొక్కిన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే పోతుంది, చక్రం దాకా చేరదు. చల్లారితే ఆవిరి మళ్లీ ఆయిల్ అయిపోతుంది, పెడల్ పైకి వస్తుంది. సనయ్యలో నిలబడి తొక్కి చూసి బాగానే ఉందిలే అంటే కొండ మీద జరిగింది ఎవరికి తెలుస్తుంది?

డబ్బా మూత తీస్తే ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. నాలుగు చక్రాల లోపలి వైపు, బూస్టర్ కింద తడి ఉందేమో చూశాను, ఎక్కడా లేదు. ఇంజన్ ఆపి పెడల్ గట్టిగా తొక్కి పట్టుకున్నాను. మెల్లగా కిందికి జారితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి నెట్టేది) లోపల రబ్బరు కప్పులు పోయినట్టు. జారలేదు. వెనక డ్రమ్ములు విప్పి షూలు చూశాను, అడ్జస్ట్‌మెంట్ దూరమైతే కూడా పెడల్ లోతుకు పోతుంది గానీ అది ఇలా స్పాంజిలా ఉండదు, ఒక చోట గట్టిగానే తగులుతుంది. ఆ తేడా కాలికి తెలుస్తుంది. ఆ తర్వాత బ్రేక్ లైన్లలోంచి ఎయిర్ తీశాం. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు కాబట్టి మాస్టర్ సిలిండర్ కూడా అటే, దూరంగా ఉండే ఎడమ వెనక చక్రంతో మొదలుపెడతాం. ఇక్కడ అంతా తారుమారు, కుడి వెనక చక్రం నుంచి రావాలి. పెడల్ దగ్గర కూర్చునే బంగ్లాదేశ్ కుర్రాడికి తెలుగు ఒక్క ముక్క రాదు గానీ "కొట్టు, పట్టు, వదులు" మాత్రం నా దగ్గర నేర్చేసుకున్నాడు. పాత ఆయిల్ మొత్తం పోయి కొత్తది శుభ్రంగా వచ్చేదాకా నాలుగు చక్రాలకీ తీశాం.

పెడల్ గట్టిపడింది. ఫోర్‌మన్ వచ్చి తొక్కి చూసి, అయిపోయింది అన్నాడు.

నాకు అయిపోలేదనిపించింది. ఇంజన్ స్టార్ట్ చేయించి, కుర్రాడిని బలంగా తొక్కమని, ముందు కుడి చక్రానికి బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు హోస్ పైపు చేత్తో పట్టుకున్నాను. వేళ్ల మధ్య ఉబ్బింది. గుండ్రటి మూతి క్లాంపుతో ఆ పైపు బిగించి తొక్కమంటే పెడల్ రాయిలా నిలబడింది, క్లాంపు తీస్తే మళ్లీ కొంచెం మెత్తన. ఎడమది అంత లేదు గానీ దాని రబ్బరు మీద కూడా సన్నని పగుళ్లు. చల్లగా ఉన్నప్పుడే ఇలా ఉబ్బితే, లోడుతో దిగుతూ వేడెక్కాక ఏమవుతుంది? హోస్ పగిలిందంటే ముందు చక్రాల లైన్ మొత్తం పోయినట్టే.

ఆ సైజు హోసులు ఆ సాయంత్రం నిజ్వాలో దొరకలేదు, మస్కట్ నుంచి రావాలి. ఆ రోజు గురువారం. శుక్రవారం పొద్దున నిజ్వా సంత, పెద్దాయన రాత్రికే పైకి వెళ్లి తెల్లారేసరికి పెట్టెలతో దిగాలి. ఫోర్‌మన్ బాధ కూడా నాకు అర్థమైంది, కస్టమర్‌కి ఒక సంత పోతుంది, మన షెడ్డుకి పేరు పోతుంది. తాళం ఇవ్వనన్నాను. అప్పుడే ఆ మాట వచ్చింది.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో. మా మేస్త్రి ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూడు తాళాలుండేవి. బ్రేకు తేలని బండి తాళం ఆయన జేబులోకి పోయేది, అంతే. తిరుమల బయల్దేరుతూ ముందు రోజు బండి తెచ్చేవాళ్లుంటారు కదా, 1944 నాటి పాత ఘాట్ రోడ్డే ఇప్పటికీ దిగే దారి, ఆ మలుపులు తలుచుకుని మేస్త్రి ఎవరి మాటా వినేవాడు కాదు. "దర్శనం టికెట్టు ఉంది మేస్త్రీ, రేపు పొద్దున్నే వెళ్లాలి" అని బతిమాలినా "అద్దె బండి మాట్లాడుకోండి బాబూ" అనేవాడు. తిట్టుకుంటూ వెళ్లేవాళ్లు. మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. షెడ్డు ఓనర్ కూడా ఆ జేబు జోలికి వెళ్లేవాడు కాదు.

ఇండియాలో అంతా సర్దుబాటు పనే, ఇక్కడైతే పద్ధతి ఉంటుందని మన రూముల్లో చాలామంది అంటారు. ఒప్పుకుంటాను, పద్ధతి ఉంది. పాత బండ్లకు ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) రెన్యువల్ ముందు తనిఖీ ఉంది, టార్క్ రెంచ్ ఉంది, ఆయిల్‌లో నీళ్లు చూసే పెన్ను ఉంది. మన దగ్గర లీక్ అయితే తప్ప బ్రేక్ ఆయిల్ మార్చాలనే ఆలోచనే చాలామందికి రాదు, అది మా మేస్త్రి కూడా గొణిగే విషయమే. అయినా పద్ధతి అంటే పరికరాలేనా? అన్నీ కొలిచి, ఈ బండి కదలకూడదని తేల్చినవాడి మాట చెల్లనప్పుడు ఆ కొలతలు దేనికి? మా జాబ్ కార్డులో ఎయిర్ తీసినందుకు గంట లేబర్ అని రాయడానికి గడి ఉంది. బండి బయటికి వెళ్లకూడదు అని రాయడానికి గడి లేదు. మెకానిక్ సంతకానికీ లేదు. వీసా మీద బతికేవాడు నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది.

మా గొడవంతా పెద్దాయన వింటూనే ఉన్నాడు. ఇక్కడి పెద్దవాళ్లలో చాలామందికి హిందీ అర్థమవుతుంది. కోప్పడతాడనుకున్నాను. ఆయన దిష్‌దాషా (ఒంటి నిండా వేసుకునే పొడవాటి అంగీ) పైకి పట్టుకుని చక్రం దగ్గర కూర్చుని చూపించమన్నాడు. ఆయన చెయ్యి హోస్ మీద పెట్టించి, కుర్రాడితో పెడల్ తొక్కించాను. ఉబ్బడం తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి ఫోర్‌మన్‌తో, "ఇతను ఇవ్వు అన్నప్పుడే నేను తీసుకుంటాను" అని, తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసి అతని బండిలో వెళ్లిపోయాడు. ఇక్కడికి వచ్చాక నా పనికి దక్కిన పెద్ద మర్యాద అది. జీతం పెంచినా అంత సంతోషం ఉండదు.

శనివారం హోసులు వచ్చాయి. ముందువి రెండూ మార్చాను, వెనక యాక్సిల్ మీద ఉండేది కూడా మార్చాను, మళ్లీ ఎయిర్ తీశాను. పెద్దాయన నన్నే నడపమని పక్కన కూర్చున్నాడు. చెక్‌పోస్టు దాటి పైదాకా వెళ్లి, దిగేటప్పుడు గేరు తగ్గించి, బ్రేకు పట్టుకోకుండా తొక్కి వదులుతూ వచ్చాం. మలుపు మలుపుకీ పెడల్ ఒకే ఎత్తులో నిలబడింది.

జాబ్ కార్డులో ఆ గడి పెట్టమని ఫోర్‌మన్‌ని అడిగాను. ఆఫీసులో చెప్తానన్నాడు. కొత్త కార్డులు ప్రింటై వచ్చేదాకా నేను కార్డు వెనక్కి తిప్పి, ఏ చక్రం దగ్గర ఏం చూశానో, బండి ఎందుకు వదలకూడదో రాసి, కింద సంతకం పెడుతున్నాను. పక్క బేలో పనిచేసే పాకిస్తానీ మెకానిక్ కూడా మొన్నటి నుంచి అలాగే రాస్తున్నాడు.