మూకుడు పూత పగిలిన రాత్రి

మల్లేశ్వరంలోని మా వంటింట్లో మూడేళ్లుగా వాడుతున్న, ఎనామిల్ పూత వేసిన పోత ఇనుప మూకుడు నిన్న రాత్రి నా తొందరపాటు వల్ల పాడైపోయింది. వంకాయ వేపుడు దించిన వెంటనే, ఇంకా సెగలు కక్కుతున్న మూకుడును చన్నీళ్ల కుళాయి కింద పెట్టాను. ఎనామిల్ అంటే దాదాపు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి ఇనుముకు అతికించిన గాజుపొడే కనుక, గాజూ ఇనుమూ ఒకే తీరున కుంచించుకోలేక పూత చిట్లి, ఒక పెచ్చు ఊడిపోయింది. చాలా బాధ కలిగింది. అమ్మ అనంతపురం నుంచి తెచ్చిన ఉత్త ఇనుప మూకుడులో చింతపండు పులుసు కాస్తే నల్లబడి ఇనుము రుచి తగిలేది. ఈ ఎనామిల్ మూకుడులో పులుసు రంగు మారేది కాదు, నూనె పట్టించి కాపాడుకోవలసిన పనీ ఉండేది కాదు. మంట మధ్యస్థంగా ఉంచడం, ఖాళీగా కాచకపోవడం, ఇనుప అట్లకాడకు బదులు చెక్క గరిటె వాడడం, అడుగంటితే గీకకుండా వంట సోడా కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టడం ఇన్నాళ్లూ శ్రద్ధగా పాటించాను, చల్లారేదాకా ఆగడం ఒక్కటే మరిచాను. గాజు పెచ్చులు కూరలో కలిసే ప్రమాదం ఉంది కాబట్టి దానిని వంటకు వాడడం మానేశాను. ఈ ఉదయం నుంచి వేపుళ్లకు అమ్మ మూకుడు, పులుసుకు స్టీలు గిన్నె పొయ్యెక్కాయి.