జున్ను ఐస్‌క్రీమూ, అమ్మ తీర్పూ

పొద్దున్నుంచీ ముసురు. వాన తెరిపిచ్చాక సాయంత్రం అమ్మని తీసుకుని మాదాపూర్‌లో కొత్తగా పెట్టిన చిన్న ఐస్‌క్రీమ్ షాపుకి వెళ్లాను. బోర్డు మీద సుద్దముక్కతో రాసిన పేర్లు చూసి అమ్మ "ఇవన్నీ మన వంటింట్లోవే కదరా!" అంది. జున్ను మిరియాలు, నల్లనువ్వులు బెల్లం, జామ కారం, కరివేపాకు. తాటిముంజ అని కూడా ఉంది కానీ కొట్టేశారు, మళ్లీ ఎండాకాలంలోనేనట. అది నాకు బాగా నచ్చింది, ఎసెన్సు పోసి ఏడాదంతా అమ్మడం లేదన్నమాట.

మొదట జామ కారం. నోట్లో పెట్టగానే ఉత్త జామపండే, గింజలు కూడా వడకట్టేశారు. కారం ఏదీ అనుకునేలోపు గొంతు దగ్గర చురుక్కుమంది. కారానికి మూలమైన క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది, పైగా చల్లటి నాలుకకి కారం అంత త్వరగా తెలియదు, అందుకే ఆ ఆలస్యం. బండి దగ్గర ఉప్పూకారం చల్లిన జామకాయ కొరికితే ముందు కారమే తగులుతుంది, ఇక్కడ వరస తిరగబడింది, నాకైతే ఇదే ఎక్కువ బాగుంది.

కరివేపాకు మాత్రం కుదరలేదు. దాని ఘుమఘుమంతా కాగిన నూనెలో చిటపటమన్నప్పుడు వచ్చేదే, చల్లారితే సగం పోతుంది, ఇక గడ్డకట్టిస్తే ఏం మిగులుతుంది? ఆకు పసరు తప్ప ఏమీ తెలియలేదు. నల్లనువ్వులది చూడటానికి తడిసిన సిమెంటులా ఉంది కానీ రుచికి అచ్చం చిమ్మిలే. వేయించిన నువ్వుల నూనె నాలుకని పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అసలు కథ జున్ను దగ్గర. అమ్మకి ముందు నమ్మకమే కలగలేదు. జున్నుపాలు రోజూ ఎక్కడ దొరుకుతాయి బాబూ అని కౌంటర్లో కుర్రాణ్ణి నిలదీసింది. దొరికిన రోజే చేస్తామండీ, ఆవిరి మీద వండి ముక్కలు కోసి కలుపుతాం అన్నాడు ఓపిగ్గా. రుచి చూడమని ఇచ్చిన చిన్న చెంచాడు నోట్లో వేసుకుని, "జున్ను అంటే చెంచా తగలగానే వణకాలి, ఇది రాయిలా ఉంది" అని తేల్చేసింది. అయినా నేను ఒక కప్పు తీసుకున్నాను. చేతిలో బరువుగా అనిపించింది. మన దేశంలో ఐస్‌క్రీమ్ అని అమ్మాలంటే పాలకొవ్వు కనీసం 10 శాతం, లీటరుకి బరువు కనీసం 525 గ్రాములు ఉండాలని నిబంధన, అంటే దాదాపు సగం గాలే ఉన్నా చెల్లుతుంది. ఇక్కడ గాలి తక్కువ, అందుకే ఆ బరువు.

కాసేపు ఆగాం. అంచులు జారడం మొదలయ్యాక మిరియం ఘాటు, ఏలకుల వాసన ఒక్కొక్కటే బయటికొచ్చాయి, జున్ను ముక్క కూడా మెత్తబడి చెంచా కింద కాస్త కదిలింది. అమ్మ మాట్లాడకుండా కప్పు తన వైపుకి లాక్కుంది. చివర్లో "తీపి ఎక్కువైందిరా" అంది. అదీ నిజమే, చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుందని బెల్లం ఎక్కువ వేస్తారు, కరిగాక అది బయటపడుతుంది. చెంచాడు శాంపిల్ చూసి ఫ్లేవర్ని తేల్చేయకూడదని నా గట్టి అభిప్రాయం. మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ కూడా అంతే, కప్పులో సగం అయ్యాకే పండు వాసన పూర్తిగా తెలుస్తుంది.

ఇంటికొచ్చాక అమ్మ తెనాలిలో పిన్నికి ఫోన్ చేసి అరగంట ఇదే చెప్పింది, జామ కారంలో ఇంకాస్త ఉప్పు పడాలట. రేపు పాలు పోసే ఆయన్ని జున్నుపాలు అడగాలి, అమ్మ ఆర్డరు.