వైజాగ్ - భీమిలి బీచ్ రోడ్డు: బండ్లన్నీ కలిసి వెళ్తున్నారా?

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా దాదాపు 30 కిలోమీటర్లు. దూరం తక్కువే కదా అని ఏమీ అనుకోకుండానే పది బైకులు బయల్దేరిపోతాయి. చిక్కంతా ఆగే చోట్ల వస్తుంది. వెళ్లేటప్పుడు సముద్రం మనకు కుడివైపు ఉంటుంది, మనం నడిపేది ఎడమ పక్కన. అలలు కనబడగానే ముందున్న బండి కుడికి తిప్పితే, వెనకున్నవాళ్లంతా ఎదురొచ్చే బస్సుల మధ్య యూటర్న్‌కి ఎగబడతారు.

అందుకే కొండవైపువన్నీ వెళ్లేటప్పుడు, సముద్రంవైపువన్నీ వచ్చేటప్పుడు చూడాలి. పోయేటప్పుడు తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు. భీమిలిలో టిఫిన్ చేసి, తిరుగు దారిలో మంగమారిపేట, రుషికొండ, తెన్నేటి పార్కు. అప్పుడు అన్నీ ఎడమచేతి వైపే ఉంటాయి, రోడ్డు దాటే పనే లేదు. తొట్లకొండ మీద 1988 నుంచి 1992 దాకా తవ్వకాల్లో బయటపడిన బౌద్ధారామం ఉంది. రాతిలో తొలిచిన నీటి తొట్లు చూడకుండా దిగొద్దు. ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం బండి దింపకండి. ఆ ఇసుక గట్టిగా కనిపిస్తుంది కానీ చక్రం పడితే రాలిపోతుంది. వేల ఏళ్లుగా ఏర్పడిన దిబ్బ మన టైరు జాడకి కోసుకుపోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఐదారు బండ్లకు ఒక జట్టు చాలు. అంతకు మించితే రెండు జట్లుగా చీలి, ఐదు నిమిషాల తేడాతో బయల్దేరండి. ముందుండి నడిపించే లీడ్, చివర వెనకబడ్డవాళ్లని చూసుకునే స్వీప్, ఇద్దరూ దారి తెలిసినవాళ్లే అయి ఉండాలి. కొత్తగా నడిపేవాళ్లని లీడ్ వెనకాలే పెట్టాలి. చివర్లో పెడితే ఏమవుతుందంటే, ముందువాళ్లు 50లో పోతున్నా మధ్యలో ఒక్కొక్కరూ ఆటోల వెనక చిక్కుకుంటారు, ఆ ఖాళీ పూడ్చడానికి చివరివాడు 80 కొట్టాల్సి వస్తుంది. ప్రమాదం పొంచి ఉండేది ఈ తరుముకోవడంలోనే.

బండ్లు ఒకదాని వెనక ఒకటి కాకుండా, ఒకటి లేన్‌లో ఎడమ పక్కన ఉంటే దాని వెనకది కుడి పక్కన, ఇలా రెండు వరసల్లో నడపాలి. మీ వరసలో ముందున్న బండికి 2 సెకన్ల గ్యాప్ ఉంచాలి, అంటే గంటకు 60లో 33 మీటర్లు. మలుపుల్లో, చేపలు ఆరబెట్టే ఊళ్ల దగ్గర లీడ్ ఒక వేలు పైకెత్తితే అందరూ ఒకే వరసలోకి రావాలి. ఓవర్‌టేక్ మాత్రం ఎవరికి వారే చూసుకుని చెయ్యాలి. ముందువాడు దాటేశాడు కదా అని గుడ్డిగా వెళ్లకూడదు.

ఈ రోడ్డు మీద అసలు శత్రువు ఇసుక. గాలికి కొట్టుకొచ్చి మలుపు లోపలి అంచున పలచగా పరుచుకుంటుంది, తారు రంగులో కలిసిపోయి కనబడదు. దాని మీద ముందు బ్రేకు నొక్కితే హ్యాండిల్ మన చేతుల్లో ఉండదు. మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు జోలికి పోకుండా బయటపడాలి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి అడ్డంగా కొడుతుంది. సరుగుడు తోట దాటి ఖాళీ జాగాలోకి రాగానే ఒక్కసారిగా తోసేస్తుంది, పక్క పెట్టెలున్న బండ్లకు ఇంకా గట్టిగా. తెల్లవారి వెళ్లి పదింటికల్లా తిరిగొచ్చేయడమే మంచి పద్ధతి. వెళ్లేటప్పుడు పొద్దు ఎదురుగానో కుడిపక్క నుంచో కంట్లో పడుతుంది కాబట్టి హెల్మెట్ అద్దం మీద గీతలుంటే మార్చేయండి.

టైర్లలో గాలి ఇంటి దగ్గర, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. వెనక మనిషి ఉంటే ఎంతుండాలో మాన్యువల్‌లో విడిగా రాసి ఉంటుంది. పంక్చర్ కిట్, చిన్న పంపు జట్టుకి ఒకటి చాలు. సైడ్ స్టాండ్ ఇసుకలో దిగబడి బండి ఒరిగిపోతుంది, కింద పెట్టడానికి అరచేతి వెడల్పు చెక్క ముక్క ఒకటి పెట్టుకోండి.

ఇంటికొచ్చాక అదే రోజు కడగాలి. ఉప్పు తేమ రాత్రంతా ఉంటే చైన్ లింకులకీ, సైలెన్సర్ బోల్టులకీ తుప్పు పట్టడం మొదలవుతుంది. ఇంజిన్ చల్లారాక మామూలు మంచినీళ్లు, పలచటి షాంపూతో కడగండి. ప్రెషర్ వాష్ వద్దు, చక్రం బేరింగుల్లోకీ చైన్ లింకుల మధ్య ఉండే రబ్బరు రింగుల్లోకీ ఉప్పునీళ్లని అదే తోసేస్తుంది. తుడిచి, ఆరాక చైన్‌కి లూబ్ కొట్టండి. తర్వాత రెండు వీధులు నడిపి బ్రేకులు నాలుగైదుసార్లు పట్టి వదిలితే డిస్కు మీది తడి కూడా పోతుంది.