ఎదురెదురు పేజీలు

శనివారం. పొద్దున్నుంచీ మంచు ఆగకుండా పడుతూనే ఉంది. కూరగాయలకు వెళ్ళడం మానుకుని, ఇంట్లో ఉన్న చింతపండుతో పులిహోర కలిపేశాను. తిన్నాక మావాడూ నేనూ వాడి బేస్‌బాల్ కార్డుల బైండర్ ముందేసుకుని కూర్చున్నాం. సాయంత్రం దాకా లేవలేదు.

మేముండేది కనెటికట్‌లో, హార్ట్‌ఫర్డ్ పక్కన. ఇక్కణ్ణుంచి బోస్టన్ 100 మైళ్ళు, న్యూయార్క్ అంతకన్నా కాస్త ఎక్కువ. అందుకే మా వీధిలో ఒకింటి మీద బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ జెండా, పక్కింటి మీద న్యూయార్క్ జట్టు యాంకీస్ జెండా. వాడి క్లాసు పిల్లల్లోనూ రెండు జట్లే. మావాడు మాత్రం ఇద్దరి కార్డులూ దాస్తాడు. బైండర్ తెరవగానే ఎడమ పేజీలో యాంకీస్, కుడి పేజీలో రెడ్ సాక్స్. పేజీకి తొమ్మిది అరలు. ఆటలో ఎవరికి ఎవరు ఎదురుపడ్డారో బైండర్‌లోనూ వాళ్ళకి వాళ్ళే ఎదురుగా ఉండాలి. ఈ పద్ధతి వాడికి ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకున్నాడు. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

చిన్నప్పుడు మా అన్నయ్య బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో వచ్చే క్రికెట్ కార్డులు బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. వాటి మీద పరుగులో వికెట్లో వేసి ఉండేవి. మధ్యాహ్నమంతా కూడికలే. ఇవాళ స్లీవ్‌లోంచి కార్డు తీస్తుంటే ఆ డబ్బా మూత చప్పుడు చెవిలో వినిపించింది.

ఈ వారం షాపులో డాలర్‌కొకటి అమ్మే కార్డుల పెట్టె వెతికి తెచ్చుకున్నవి రెండు, రెండూ టాప్స్ కంపెనీ 1979లో వేసినవి. ఒకటి యాంకీస్ ఆటగాడు బకీ డెంట్, ఇంకోటి రెడ్ సాక్స్‌కి బంతులు వేసిన మైక్ టోరెజ్. 1978లో సీజన్ ముగిసేసరికి రెండు జట్లూ 99 గెలుపులతో సమానంగా నిలిచాయి. తేల్చడానికి అక్టోబర్ 2న బోస్టన్ ఫెన్వే పార్క్‌లో ఒకే ఒక్క ఆట. ఆటకి మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్, సమమైతే ఇంకా సాగుతాయి. ఏడో ఇన్నింగ్స్ దాకా రెడ్ సాక్స్‌దే పైచేయి, 2-0. అప్పుడు బ్యాటింగ్‌లో తొమ్మిదోవాడైన డెంట్, టోరెజ్ వేసిన బంతిని ఎడమవైపు ఎత్తు గోడ దాటించేశాడు. హోమ్ రన్, మూడు పరుగులు. చివరికి 5-4తో యాంకీస్ గెలిచింది. డెంట్ కార్డు తిప్పి, వెనక ఆ ముతక అట్ట మీద 1978 వరస వెంట వేలు పెట్టి చూశాం. హోమ్ రన్ల గడిలో 5. ఏడాది మొత్తానికి అయిదే, అందులో ఒకటి అది!

"మరి టోరెజ్ అంతకుముందు యాంకీస్‌లోనే ఉన్నాడు కదమ్మా?" అన్నాడు వాడు. నిజమే. 1977లో యాంకీస్ వరల్డ్ సిరీస్, అంటే ఏడాది చివరి ఫైనల్, గెలిచిన రోజు చివరి బంతి దాకా పిచింగ్ చేసింది, అంటే బంతులు వేసింది, అతనే.

పాతకాలపు మేటి ఆటగాడు బేబ్ రూత్‌ది అచ్చమైన పాత కార్డు కొనే స్తోమత మాకు లేదు, ఉన్నది రీప్రింటే. 1919 చివర్లో రెడ్ సాక్స్ యజమాని అతన్ని లక్ష డాలర్లకు యాంకీస్‌కి అమ్మేశాడు. 1918లో గెలిచిన వరల్డ్ సిరీస్ తర్వాత బోస్టన్ మళ్ళీ గెలిచింది 2004లోనే, అంటే 86 ఏళ్ళకి. రూత్‌ని ఎడమ పేజీలో పెట్టి, దానికి ఎదురుగా కుడి పేజీలో అర ఖాళీగా వదిలేశాడు మావాడు. నేనేమీ అడగలేదు.

అసలు చిక్కు రెడ్ సాక్స్ పిచ్చర్ టిమ్ వేక్‌ఫీల్డ్ దగ్గర వచ్చింది. ఆ కార్డు ఎదురింటి పెద్దాయన ఇచ్చింది. 2023 అక్టోబర్ 1న వేక్‌ఫీల్డ్ పోయినప్పుడు ఆయన రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ ఆ కార్డు యాంకీస్ ఆటగాడు ఏరన్ బూన్‌కి ఎదురుగా ఉండేది. 2003లో వరల్డ్ సిరీస్‌కి ఎవరు వెళ్ళాలో తేల్చే ఈ రెండు జట్ల సిరీస్‌లో ఏడో ఆట, పదకొండో ఇన్నింగ్స్, అందులో వేక్‌ఫీల్డ్ వేసిన మొదటి బంతికే బూన్ హోమ్ రన్ కొట్టాడు, సిరీస్ అయిపోయింది. అదే సిరీస్‌లో రెడ్ సాక్స్ గెలిచిన మూడు ఆటల్లో రెండు వేక్‌ఫీల్డ్ గెలిపించినవే. అవి ఎవరికి గుర్తున్నాయి?

మరుసటి ఏడాది మళ్ళీ ఇవే రెండు జట్లు. మూడో ఆటలో రెడ్ సాక్స్ 19-8తో చితికిపోతుంటే, మర్నాడు తను మొదలుపెట్టాల్సిన ఆట వదులుకుని, మిగతా పిచ్చర్లకు విశ్రాంతి దొరకాలని వేక్‌ఫీల్డ్ దిగాడు. దెబ్బలు తిన్నాడు. రెడ్ సాక్స్ 0-3తో వెనకబడింది. అయిదో ఆట 14 ఇన్నింగ్స్ దాకా సాగితే, చివరి మూడు ఇన్నింగ్స్ అతనివే, ఒక్క పరుగూ ఇవ్వలేదు. అతను వేసే నకిల్‌బాల్ దాదాపు తిరక్కుండా గాలిలో ఊగుతూ వస్తుంది, పట్టుకోవడం క్యాచర్‌కి, అంటే మన కీపర్ లాంటివాడికి, కూడా కష్టమే. ఆ రాత్రి పదమూడో ఇన్నింగ్స్‌లో సొంత క్యాచరే మూడుసార్లు వదిలేశాడు. అయినా వేయడం మానలేదు. పద్నాలుగులో రెడ్ సాక్స్ డేవిడ్ ఓర్టిజ్ కొట్టి గెలిపించాడు. ఆ సిరీస్‌ని రెడ్ సాక్స్ 4-3తో గెలుచుకుంది. అంత వెనకబడి గెలిచిన జట్టు అంతకుముందు ఈ లీగ్‌లో లేదు.

ఇదంతా చెప్పాక వాడు చాలాసేపు కార్డు చేతిలోనే పట్టుకున్నాడు. "ఆయన్ని బూన్ ముందు పెట్టొద్దమ్మా."

"తీసేస్తే అది జరగలేదని అన్నట్టు కాదా కన్నా?" అన్నాను. నాకూ తీసేయాలనే ఉంది. కానీ ఆ బంతి వేసింది ఆయనే.

చివరికి వేక్‌ఫీల్డ్‌ది ఇంకో కార్డు, డూప్లికేట్ల పెట్టెలోది, బయటికొచ్చింది. పాతది బూన్‌కి ఎదురుగా అలాగే ఉంచాడు. కొత్తది తర్వాతి పేజీలో, 2004 దగ్గర. దాని ఎదురుగా ఉండాల్సింది పద్నాలుగో ఇన్నింగ్స్‌లో ఓర్టిజ్‌కి బంతి వేసిన ఎస్టెబాన్ లోయైజా. ఆ ఏడాది సగంలో వచ్చి యాంకీస్‌కి ఆడింది కొన్ని నెలలే. యాంకీస్ చొక్కాలో ఉన్నదే కావాలంటాడు వాడు, వేరే జట్టుది వద్దట.

రాత్రి గిన్నెలు సర్దుతూ ఫ్రిజ్ మీద రేపటి చీటీ చూశాను. వంకాయలు, కొత్తిమీర, పెరుగు. కింద వాడి రాతలో ఇంకో వరస: లోయైజా, యాంకీస్.